శుభ్రపడిన సముద్రానికి ఆకలేసింది

జపాన్‌లో కోబె నగరం చుట్టూ ఉన్న ప్రాంతం పేరు హ్యోగో. అది ఒక ప్రిఫెక్చర్. అధికారాల్లో మన రాష్ట్రానికి తక్కువ, జిల్లాకు ఎక్కువ. అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న మురుగు శుద్ధి కేంద్రాలు కొన్ని, చలికాలం వచ్చేసరికి తమ పనిని కాస్త మందగింపజేస్తాయి. మురుగులోని నత్రజనిని ఇంకా బాగా తీసేసే సామర్థ్యం ఉండి కూడా, కావాలనే కొంత మిగిల్చి సముద్రంలోకి వదిలేస్తాయి. ఇది దొంగచాటు వ్యవహారం కాదు. చట్టం ఒప్పుకున్నదే, ప్రభుత్వం ప్రణాళిక వేసి మరీ చేయిస్తున్నదే. అలా వదలమని పట్టుబట్టినవాళ్ళు ఫ్యాక్టరీల యజమానులు కారు, మత్స్యకారులు. ఆ నత్రజనే సముద్రాన్ని చంపేస్తోందని వాళ్ళ ముందు తరం కోర్టుల దాకా వెళ్ళింది.

ఒకే సముద్రం, ఒకే పదార్థం, యాభై ఏళ్ళ తేడాలో రెండు పరస్పర విరుద్ధమైన డిమాండ్లు. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. నీళ్ళు శుభ్రంగా ఉండటం వేరు, నీళ్ళలో బతుకు ఉండటం వేరు. ఈ రెండు లెక్కలూ కొంతదూరం కలిసి నడిచి, ఒకచోట విడిపోతాయని జపాన్ తన సరస్సుల మీదా సముద్రం మీదా ప్రయోగం చేసినట్టుగా తెలుసుకుంది. ఇంత పెద్ద ఎత్తున, ఇంత ఓపికగా కొలతలు రాసిపెట్టుకుంటూ ఆ దారిలో నడిచిన దేశాలు తక్కువ.

మూడు దీవుల నడుమ

ఆ సముద్రం పేరు సెటో. హొన్షు, షికోకు, క్యుషు దీవుల మధ్య ఇరుక్కున్న లోపలి సముద్రం. విస్తీర్ణం సుమారు 23,000 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు 38 మీటర్లే. అందులో చిన్నా పెద్దా కలిపి ఏడొందలకు పైగా దీవులు. మహాసముద్రంతో కలిసేది ఇరుకైన జలసంధుల ద్వారా మాత్రమే కాబట్టి, లోపలి నీరు చాలావరకు మారి కొత్త నీరు రావాలంటే ఏడాది పైమాటే. ఒడ్డు వెంబడి ఒసాకా, కోబె, హిరోషిమా లాంటి నగరాలు. దాదాపు 3 కోట్ల జనం. ఇంత అందమైన సముద్రం ఇంకోటి లేదని 1934లోనే జాతీయ ఉద్యానవనం చేశారు. దేశంలో మొదటి విడత జాతీయ ఉద్యానవనాల్లో అదొకటి.

యుద్ధం తర్వాత అదే తీరం మీద ఉక్కు కర్మాగారాలు, పెట్రోకెమికల్ సముదాయాలు, కాగితపు మిల్లులు వరుసగా లేచాయి. లోతు తక్కువ గనుక సముద్రాన్ని పూడ్చి స్థలం చేసుకోవడం తేలిక. ఓడలు నేరుగా ఫ్యాక్టరీ గుమ్మంలోకి వస్తాయి. వ్యర్థాలు పారబోయడానికి ఎదురుగా సముద్రమే ఉంది. జపాన్ ఆర్థిక అద్భుతం అని మనం పాఠాల్లో చదువుకున్నదాంట్లో చాలా భాగం ఈ ఒడ్డున జరిగిందే.

1960ల చివరికి ఎర్రపోట్లు మామూలైపోయాయి. అంటే సూక్ష్మమైన వృక్ష ప్లవకాలు విపరీతంగా పెరిగిపోయి నీళ్ళు ఎర్రగా, ఇటుక రంగులో, కొన్నిసార్లు చిక్కటి కాఫీ రంగులో కనిపించడం. 1972 వేసవిలో హరిమా అనే భాగంలో షాటొనెల్లా అనే ప్లవకం విజృంభించింది. అది చేపల మొప్పలను దెబ్బతీసి ఊపిరాడకుండా చేస్తుంది. వలల పంజరాల్లో పెంచుతున్న హమాచి చేపలు ఎటూ పారిపోలేక 1 కోటీ 40 లక్షలు చచ్చిపోయాయి. నష్టం 710 కోట్ల యెన్‌లు. పెంపకందార్లు ప్రభుత్వం మీదా కంపెనీల మీదా కోర్టుకెక్కారు. 1976లో ఒక్క ఏడాదే 299 ఎర్రపోట్లు నమోదయ్యాయి. పత్రికలు సెటోను చావుబతుకుల్లో ఉన్న సముద్రం అని రాశాయి.

అప్పటికే మినమాత సంగతి దేశమంతా తెలుసు. క్యుషు పడమటి తీరంలో చిస్సో అనే రసాయన కంపెనీ వదిలిన మిథైల్ పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి వెళ్ళింది. వ్యాధి అధికారికంగా బయటపడింది 1956 మే 1న. దానికి కారణం కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకోడానికి 1968 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్ళ ఆలస్యం ఎంత ఖరీదైందో చూశాక, 1970లో పార్లమెంటు ఒక్క సమావేశంలోనే పద్నాలుగు కాలుష్య చట్టాలు చేసింది. మరుసటేడు పర్యావరణ సంస్థ ఏర్పడింది. సెటో తీరపు గవర్నర్లు, మేయర్లు కూడబలుక్కుని ఢిల్లీకి విన్నపాలు పంపినట్టు టోక్యోకి పంపారు. 1973లో సెటో కోసమే ప్రత్యేక చట్టం వచ్చింది. మొదట తాత్కాలికమన్నారు, 1978లో శాశ్వతం చేశారు. ఫ్యాక్టరీలు వదిలే సేంద్రియ కాలుష్య భారాన్ని మూడేళ్ళలో సగానికి తగ్గించాలన్నది తొలి లక్ష్యం. తగ్గించారు.

ఇక్కడో సాంకేతిక విషయం గమనించాలి. అంతకుముందు నియమమల్లా, ఒక లీటరు మురుగునీటిలో ఇంతకు మించి కాలుష్యం ఉండకూడదని. దాన్ని తప్పించుకోవడం సులువు: మంచినీళ్ళు కలిపి పలచన చేస్తే చాలు. ఆ తర్వాత వచ్చిన పద్ధతి మొత్తం భారం లెక్క. రోజుకు ఎన్ని టన్నులు సముద్రంలోకి వెళ్తోందో కూడి, ఆ మొత్తానికి పరిమితి పెట్టి, ప్రిఫెక్చర్ల మధ్య పంచడం. నా ఉద్దేశంలో సెటోని బతికించిన అసలు ఆయుధం ఇదే. సముద్రానికి పట్టేది టన్నుల లెక్కే.

సరస్సు దగ్గర సబ్బు ఉద్యమం

ఒసాకా దగ్గర సెటోలో కలిసే యోదో నది ఎక్కడి నుంచి వస్తుందో వెతుక్కుంటూ ఎగువకు వెళితే బివా సరస్సు వస్తుంది. జపాన్‌లో అతి పెద్ద సరస్సు. 670 చదరపు కిలోమీటర్లు, ఎక్కువ లోతు 104 మీటర్లు. వయసు సుమారు 40 లక్షల ఏళ్ళు. ప్రపంచంలో ఇంత పాత సరస్సులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అందుకే వేరెక్కడా లేని ప్రాణులు అరవై దాకా ఇందులోనే పుట్టి ఇందులోనే ఉన్నాయి. క్యోతో, ఒసాకా, కోబె ప్రాంతాల్లో దాదాపు కోటీ 40 లక్షల మంది తాగేది ఈ నీళ్ళే.

1977 మే నెలలో ఈ సరస్సులో కూడా ఎర్రపోటు వచ్చింది. మంచినీటిలో! యురోగ్లీనా అనే ప్లవకం పెరిగి నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి, కుళాయిల్లో చేపకంపు. మూలం వెతికితే చాలా వాటాలు తేలాయి: పొలాల ఎరువులు, ఫ్యాక్టరీలు, ఇళ్ళ మురుగు. ఇళ్ళ మురుగులో భాస్వరానికి పెద్ద మూలం బట్టలుతికే పౌడరు.

పౌడర్లో భాస్వరం ఎందుకుంటుంది? నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే నురగ రాదు, మురికి వదలదు. ఫాస్ఫేట్ వాటిని పట్టి ఉంచుతుంది. పౌడరు తన పని చేసుకుంటుంది. బట్టలు తెల్లబడతాయి, ఫాస్ఫేట్ కాలువలోకి పోతుంది. అక్కడ దాన్ని ఎదురుచూసేవి వేరే ఉన్నాయి. ప్లవకాలు పెరగడానికి వెలుతురు, కర్బనం, నత్రజని, భాస్వరం అన్నీ కావాలి. మంచినీటి సరస్సుల్లో సాధారణంగా అన్నిటికంటే కరువుగా ఉండేది భాస్వరం. పెరుగుదలకు పగ్గం అదే. ఆ ఒక్కటీ దొరికితే చాలు, మిగతావన్నీ సిద్ధంగానే ఉంటాయి. సముద్రంలో చాలాచోట్ల ఈ పగ్గం నత్రజని చేతిలో ఉంటుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెరిగిన ప్లవకాలు ఎల్లకాలం ఉండవు. చచ్చి అడుగుకు చేరతాయి. వాటిని కుళ్ళబెట్టే బాక్టీరియా అడుగు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. వేసవిలో పైన వేడినీరు, కింద చల్లనీరు కలవవు కాబట్టి అడుగుకు కొత్త గాలి అందదు. ప్రాణవాయువు అయిపోయాక, బురదలో ఇన్నేళ్ళూ బందీగా ఉన్న భాస్వరం విడుదలై మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. బయటి నుంచి రావడం ఆపినా సరస్సు తనకు తానే ఎరువు వేసుకునే స్థితి అది. అక్కడిదాకా వెళితే వెనక్కి రావడం చాలా కష్టం.

బివా ఒడ్డున ఉన్న షిగా ప్రిఫెక్చర్లో గృహిణులు పౌడరు మానేసి మామూలు సబ్బుపొడి వాడాలని ఊరూరా తిరిగారు. వంటింట్లో వేపుళ్ళు చేయగా మిగిలిన నూనెను పోగుచేసి సబ్బు తయారుచేశారు. సబ్బుతో ఉతకడం కష్టం, చల్లనీళ్ళలో సరిగా కరగదు, బట్టల మీద తెట్టు మిగులుతుంది. అయినా కొద్ది ఏళ్ళలోనే పదిళ్ళలో ఏడిళ్ళ దాకా మారాయి. ఆ మద్దతు చూసుకుని గవర్నర్ తకెమురా మసయొషి 1979లో ధైర్యం చేసి, ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంట్లను అమ్మడం, వాడటం, చివరికి కానుకగా ఇవ్వడం కూడా నిషేధిస్తూ స్థానిక చట్టం తెచ్చారు. పెళ్ళిళ్ళకీ పండగలకీ డిటర్జెంట్ డబ్బాలు కానుకలిచ్చే అలవాటు ఆ దేశంలో ఉంది మరి. పరిశ్రమ సంఘం ఇది రాజ్యాంగ విరుద్ధమని గొడవ చేసింది. చట్టం 1980 జులై 1న అమల్లోకి వచ్చింది. ఆ గొడవ సాగుతుండగానే కంపెనీలు ఫాస్ఫేట్ బదులు జియోలైట్ వేసి కొత్త పౌడర్లు మార్కెట్లోకి దింపాయి. కుదరదన్న పని నెలల్లో కుదిరింది. పారిశ్రామిక చరిత్రలో ఇలాంటి ఉదాహరణలు చాలానే ఉన్నాయి కానీ, ఇంత హాయిగా నవ్వు తెప్పించేది తక్కువ.

షిగాలో ఐదో తరగతి పిల్లలందరినీ 1983 నుంచి ఒక ఓడ ఎక్కించి సరస్సు మీద తిప్పుతున్నారు. నీళ్ళ లోతు, రంగు, ప్లవకాలు వాళ్ళే చూసి రాసుకుంటారు. ఇప్పుడు అక్కడి తల్లిదండ్రుల్లో చాలామంది ఆ ఓడెక్కినవాళ్ళే.

బివాలో కొత్త చిక్కులు

కాలుష్యం తగ్గింది గనుక సరస్సు కుదుటపడిందా అంటే, కొత్త చిక్కులు వచ్చాయి. 1994లో పెద్ద కరువు. సెప్టెంబరులో నీటిమట్టం మామూలు కంటే 123 సెంటీమీటర్లు పడిపోయింది. అంత తక్కువ ఎప్పుడూ లేదు. తేట నీరు, తక్కువ లోతు, వెలుతురు అడుగు దాకా చేరింది. లోతు తక్కువున్న దక్షిణ భాగంలో నీటిమొక్కలు మొలిచి, తర్వాతి ఏళ్ళలో అడుగంతా పరుచుకున్నాయి. పడవల పంకాలకు చుట్టుకుంటాయి, ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్ళుతాయి, కింద నీటి కదలిక ఆపేస్తాయి. ఇప్పుడు ఏటా యంత్రాలతో కోసి తీస్తున్నారు.

బయటి చేపలది ఇంకో కథ. 1960లో అమెరికా వెళ్ళిన యువరాజు అకిహితోకి షికాగో మేయర్ బ్లూగిల్ అనే చేపలను బహుమతిగా ఇచ్చారు. ఆహారానికి పనికొస్తుందని పరిశోధనకు ఇచ్చిన ఆ చేప తప్పించుకుని దేశమంతా పాకింది. బివాలో స్థానిక చేపల గుడ్లనూ పిల్లలనూ తినేసింది. చేపల వేటగాళ్ళ సరదా కోసం వచ్చిన బాస్ చేప దానికి తోడైంది. 2003 నుంచి ఈ రెండింటినీ పట్టుకుంటే మళ్ళీ నీళ్ళలో వదలడం నిషేధం. 2007లో చక్రవర్తి హోదాలో అదే షిగాకు వచ్చిన అకిహితో, ఇలా అయినందుకు మనసు నొచ్చుకుంటున్నానని బహిరంగంగా చెప్పారు. ఆయన స్వయంగా చేపల శాస్త్రవేత్త. గోబీ జాతి చేపల మీద పరిశోధన పత్రాలు రాసినవాడు.

మరొకటి వాతావరణం తెచ్చినది. ఏటా చలికాలం చివర బివా పైనీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. పై నుంచి అడుగు దాకా నీరంతా ఒకసారి కలిసి, అడుగుకు ప్రాణవాయువు చేరుతుంది. అక్కడివాళ్ళు దాన్ని సరస్సు తీసుకునే గాఢమైన శ్వాస అంటారు. 1979లో కొలవడం మొదలైనప్పటి నుంచి తప్పకుండా జరుగుతూ వచ్చిన ఈ కలయిక, 2019లో ఉత్తర భాగంలో పూర్తిగా జరగలేదు. 2020లోనూ జరగలేదు. చలికాలాలు వెచ్చబడటమే కారణం. అడుగున ప్రాణవాయువు బాగా తగ్గి, లోతులో బతికే ఇసాజా అనే చిన్న చేపలు చచ్చి పడి ఉండటాన్ని నీటి అడుగు కెమెరాలు చూశాయి. 2021లో చలి గట్టిగా పడి మళ్ళీ కలిసింది. షిగా ప్రజలు సబ్బు మార్చి భాస్వరాన్ని ఆపగలిగారు గానీ, చలికాలాన్ని తెచ్చుకోలేరు కదా.

నోరి రంగు వెలిసిన చలికాలాలు

మళ్ళీ సెటోకి వద్దాం. 1990లు గడిచేసరికి ఎర్రపోట్లు ఏడాదికి వంద దగ్గరికి తగ్గాయి. 2001 నుంచి నత్రజని, భాస్వరాల మొత్తం భారానికి కూడా పరిమితి వచ్చింది. నీళ్ళు తేటబడ్డాయి. అధికారుల నివేదికలు విజయం అని రాసుకున్నాయి. ఆ రోజుల్లోనే నోరి పండించేవాళ్ళు, పంట నల్లగా రావడం లేదని చెప్పడం మొదలుపెట్టారు.

నోరి ఒక రకం ఎర్ర సముద్రపు నాచు. చలికాలంలో వలల మీద పెంచి, కోసి, కాగితంలా ఆరబెడతారు. జపనీయులు అన్నం ముద్దల చుట్టూ చుట్టుకునే నల్లని పలచటి పొర అదే. దానికి వేళ్ళు లేవు. ఆకంతా కలిపి నేరుగా నీళ్ళ నుంచి నత్రజని పీల్చుకుంటుంది. దాని నలుపుకు కారణమైన రంగు పదార్థాల్లో ప్రొటీన్ ఉంటుంది, ప్రొటీన్‌కు నత్రజని కావాలి. నత్రజని చాలకపోతే మొక్క తన రంగునే కరిగించుకుని బతుకుతుంది. పసుపు కలిసిన గోధుమరంగుకు దిగుతుంది. రుచీ పోతుంది. మార్కెట్లో ధర ఉండదు. మిగిలిన కాస్త నత్రజని కోసం చలికాలంలో పెరిగే కొన్ని డయాటమ్ ప్లవకాలు పోటీకొస్తాయి, అవి నోరి కంటే వేగం.

తర్వాత వంతు ఇకనాగొది. వేలెడంత సన్నటి చేప. కోబె, అకాషి ప్రాంతాల్లో వసంతం మొదలవగానే దాని పిల్లలను సోయా రసం, చక్కెర, అల్లం వేసి ఇగురుబెట్టి, డబ్బాలకెత్తి, ఊళ్ళో ఉన్న చుట్టాలకు పంపడం ప్రతి ఇంటి ఆచారం. మన ఇళ్ళలో ఎండాకాలం ఆవకాయ జాడీలు పంపుకున్నట్టే. 2017 నుంచి ఆ చేప పడటం బాగా తగ్గిపోయింది. వేట రోజులు కుదించారు, ధర చుక్కలనంటింది. హ్యోగో మత్స్య పరిశోధకులు పాత చేపల పొట్టలు, కొవ్వు, గుడ్ల లెక్కలు తీసి చూశారు. నీళ్ళలో కరిగిన నత్రజని తగ్గినకొద్దీ జంతు ప్లవకాలు తగ్గాయి, వాటిని తినే ఇకనాగొ బక్కచిక్కింది, పెట్టే గుడ్లూ తగ్గాయి అని తేల్చారు.

అందరూ దీన్నే పూర్తి కారణంగా ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. సముద్రం వేడెక్కింది. వేట ఎక్కువైంది. పైగా సెటో పోగొట్టుకున్నది పోషకాలను మాత్రమే కాదు. 1960 నుంచి 1990 నాటికి సముద్రపు గడ్డి మైదానాల్లో పదింట ఏడు వంతులు పోయాయి. తీరాన్ని పూడ్చేశారు, కాంక్రీటు గోడలు కట్టేశారు. కాంక్రీటు కోసం అడుగు ఇసుకను దశాబ్దాల పాటు తోడేశారు. ఇకనాగొ వేసవంతా నిద్రపోయేది ఆ ఇసుకలోనే. హిరోషిమా ఇసుక తవ్వకాన్ని 1998లో ఆపింది, మిగతా ప్రిఫెక్చర్లు ఆ తర్వాత. ఇంకో వైపు, ఒసాకా అఖాతం లోపలి మూలల్లో ఈ రోజుకీ పోషకాలు ఎక్కువే, వేసవిలో అడుగున ప్రాణవాయువు ఉండదు. ఒకే సముద్రంలో ఒక మూల అజీర్తి, ఒక మూల ఆకలి. మొత్తం భారానికి ఒకే పరిమితి అనే ఆయుధం, ఇంతకాలం బతికించినదే, ఇక్కడ మొద్దుబారింది.

చట్టం కూడా మారింది. 2015 సవరణ, సముద్రం తేటగా ఉండటమే కాదు, చేపలతో సమృద్ధిగా ఉండటం కూడా లక్ష్యమని చేర్చింది. హ్యోగో 2019లో మరో అడుగు వేసింది. లీటరు సముద్రపు నీటిలో మొత్తం నత్రజని 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదని కింది హద్దు పెట్టుకుంది. ప్రపంచమంతా పై హద్దులు పెట్టుకునే చోట ఇది కింది హద్దు! 2021 జూన్‌లో పార్లమెంటు మళ్ళీ చట్టం సవరించి, ఎక్కడ ఎంత పోషకం వదలాలో ప్రిఫెక్చర్లే ప్రణాళిక వేసుకోవచ్చంది. 2022 అక్టోబరులో హ్యోగో మొదటి ప్రణాళిక తెచ్చింది. శుద్ధి కేంద్రాల చలికాలపు మందగింపు అందులోదే. నీటి నాణ్యత ప్రమాణాలు దాటకుండా, నోరి కాలంలో మాత్రమే, కొలుస్తూ.

దీనికంటే నాకు నచ్చినది చెరువుల పని. హ్యోగోలో సాగునీటి చెరువులు వేలల్లో ఉన్నాయి. జపాన్‌లో అన్నిటికంటే ఎక్కువ అక్కడే. పూర్వం కోతలయ్యాక చెరువు నీళ్ళు వదిలేసి, ఒండ్రు కదిపి, తూము శుభ్రం చేసి, గట్టు చూసుకునేవారు. రైతులు ముసలివాళ్ళయ్యారు, పిల్లలు నగరాలకు పోయారు, ఆ పని ఆగిపోయింది. 2000ల చివరి నుంచి అవాజి దీవిలో, అకాషిలో మత్స్యకారులు పారలు పట్టుకుని రైతుల చెరువుల్లోకి దిగుతున్నారు. అందరూ కలిసి అడుగు బురదను కలియదిప్పి, ఆ చిక్కటి నీటిని కాలువల గుండా సముద్రానికి పంపుతారు. రైతుకు చెరువు బాగవుతుంది, జాలరికి నోరి నల్లబడుతుంది. అది ఎంత నత్రజని ఇస్తుందన్న లెక్క ఒకటి. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడని రెండు వృత్తులవాళ్ళు ఒక బురదలో నిలబడటం ఇంకొకటి.

ఒకాయామాలోని హినాసె జాలర్లు ఇంకా ముందే మేల్కొన్నారు. అక్కడ ఒకప్పుడు 590 హెక్టార్లలో ఉన్న సముద్రపు గడ్డి 1985కి 12 హెక్టార్లు మిగిలింది. గడ్డి లేకపోతే చేపపిల్లకు దాక్కునే చోటు లేదని వాళ్ళకు పుస్తకాలు చెప్పలేదు, ఖాళీ వలలు చెప్పాయి. విత్తనాలు ఏరి, చల్లి, పోయినవాటిని మళ్ళీ చల్లి, ముప్ఫై ఏళ్ళలో 200 హెక్టార్లు దాటించారు. ఇప్పుడు బడిపిల్లలు కూడా విత్తనాల ఏరివేతకు వస్తారు.

గేట్లు వేసేసిన అఖాతం

జపాన్ అన్నీ సరిదిద్దుకుందని అనుకోనక్కర్లేదు. క్యుషులో అరియాకె సముద్రానికి చెందిన ఇసహాయా అఖాతాన్ని 1997 ఏప్రిల్ 14న 293 ఉక్కు పలకలు ఒకదాని వెంట ఒకటి పడేసి మూసేశారు. ఏడు కిలోమీటర్ల కట్ట వెనక వ్యవసాయ భూములు చేశారు. దేశంలోనే పేరున్న బురద మైదానం, పీతలు, గుల్లలు, వలస పక్షులు ఉండేది, ఎండిపోయింది. 2000 చలికాలంలో అరియాకె నోరి పంట దెబ్బతింది. జాలర్లు గేట్లు తెరవాలని, రైతులు తెరవొద్దని కోర్టులకెళ్ళారు. 2010లో ఒక హైకోర్టు తెరవమంది. 2013లో ఇంకో కోర్టు తెరవకుండా ఆపింది. 2023లో సుప్రీంకోర్టు మూసి ఉంచే వైపే ముగించింది. మురుగు విషయంలో తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. తీరం ఆకారం మార్చేస్తే, దాని మీద ఇంకొకరి బతుకు నిలబడిపోతుంది, ఇక వెనక్కి రావడం లేదు.

ఇక మన మాట

హుస్సేన్ సాగర్‌కు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. దాని శుద్ధి పథకానికి 2006లో రుణమిచ్చింది జపానే. సాగర్‌లోకి వచ్చే నాలాలను మళ్ళించడం, శుద్ధి కేంద్రాలు, పూడికతీత అందులో భాగాలు. కొల్లేరుది మరో రకం: అభయారణ్యం, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల కట్టలు పగలగొట్టడం, ఆ తర్వాత కూడా ఆగని పోరు. ఈ రెంటి సంగతీ చెరో వ్యాసానికి సరిపోతుంది.

కానీ సెటో పాఠాన్ని తలకిందులుగా చదివే ప్రమాదం ఉంది. మురుగు కూడా చేపలకు మేతే అట, జపాన్‌వాళ్ళే వదులుతున్నారట అని రేపెవరైనా అంటే నమ్మకండి. వాళ్ళు వదులుతున్నది ఫ్యాక్టరీ విషాలు తీసేసిన, శుద్ధి అయిన నీటిలో మిగిల్చిన నత్రజనిని. అదీ నలభై ఏళ్ళు తగ్గించిన తర్వాత. మన నాలాల్లో పారేది ఇళ్ళ మురుగు, మందుల, రంగుల ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నీరు. గుర్రపుడెక్క అల్లుకున్న చెరువు ఆకలితో ఉన్న చెరువు కాదు, తిండి ఎక్కువైన చెరువు. మనమింకా 1972లోనే ఉన్నాం.

అక్కడి నుంచి తీసుకోవలసినది ఆ టన్నుల లెక్క. ఈసారి మీ ఊరి చెరువుకు సుందరీకరణ పథకం ప్రకటిస్తే, కట్ట మీద నడక దారి ఎంత వెడల్పు, రంగు దీపాలు ఎన్ని అని కాక, చెరువులోకి వచ్చే ప్రతి కాలువలో రోజుకు ఎన్ని కిలోల నత్రజని, ఎన్ని కిలోల భాస్వరం వస్తున్నాయి, వచ్చే ఐదేళ్ళలో ఏటా ఎంత తగ్గిస్తారు అని అడగండి. లెక్క లేదంటే, లేదనే మాటనే కాగితం మీద ఇమ్మనండి. దానికి ఒక సమాచార హక్కు దరఖాస్తు చాలు.